చేతిలో ఉన్నది కార్డా, పాలసీనా? సిక్కోలు, విజయనగరం కుటుంబాల ఆరోగ్య బీమా లెక్క

క్లుప్తంగా: అందరూ ‘ఆరోగ్య బీమా’ అని ఒకే పేరుతో పిలుస్తున్నా అందులో మూడు వేర్వేరు రకాలున్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ, ఆయుష్మాన్ భారత్ ప్రభుత్వ పథకాలు. ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) అన్నది ఉద్యోగులకు చట్టం ఇచ్చిన హక్కు. ప్రైవేటు పాలసీ ఒక ఒప్పందం. ఏ జబ్బుకు డబ్బు వస్తుంది, ఎంత వస్తుంది, రాకపోతే ఎవరిని అడగాలి అన్నవి మన చేతిలో ఉన్నది ఈ మూడింటిలో ఏదన్న దాన్ని బట్టి మారిపోతాయి.

ఒక కవరు, అయిదు కాగితాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో బీరువా పైఅరలో ఒక పాలిథిన్ కవరు ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేక పెద్దాస్పత్రికి బయల్దేరితే ముందు ఆ కవరే సంచిలోకి వెళ్తుంది. పాత పేరుతో ఉన్న ఆరోగ్యశ్రీ కార్డు, సచివాలయంలో తీయించిన ఆయుష్మాన్ కార్డు, 14 అంకెల ఆభా కార్డు ప్రింటు అందులో ఉంటాయి. ఏటా 20 రూపాయలు కట్ అయినట్టు చూపించే బ్యాంకు పాస్‌బుక్కు ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేస్తుంటే అతని కంపెనీ ఇచ్చిన బీమా కార్డు కూడా ఉంటుంది.

కౌంటర్ దగ్గర ఈ అయిదూ ఒకేసారి బయటికి వస్తాయి. వాటిలో రెండు అసలు ఆరోగ్య బీమాలే కావు. ఆభా అంటే ఆరోగ్య రికార్డులను ఒకచోట చేర్చడానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే. దానిమీద చికిత్సకు డబ్బు రాదు. రంగు, పేరు దగ్గరగా ఉండటంతో దాన్నే ఆయుష్మాన్ కార్డు అనుకుని తెచ్చేవాళ్లు చాలామంది. పాస్‌బుక్కులో కనిపించే 20 రూపాయలు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షల రూపాయలు వస్తాయి, వైకల్యం పాక్షికమైతే లక్ష. దాని పక్కనే 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి, అంటే జీవిత బీమా. ఇంటి పెద్ద లేకుండా పోయిన రోజున ఈ రెండూ ఆదుకుంటాయి కాబట్టి ఆపేయకూడదు. కానీ ఆసుపత్రి బిల్లులో అవి ఒక్క రూపాయి కూడా కట్టవు.

మిగిలిన మూడూ ఆరోగ్య బీమాలే. అయితే ఒకదాని నిబంధన ఇంకోదానికి వర్తించదు. అయోమయమంతా అక్కడే మొదలవుతుంది.

శ్రీకాకుళంలో మొదలైన పథకం

ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న ముందుగా మూడు జిల్లాల్లో ప్రారంభించారు. మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మూడోది శ్రీకాకుళం. తొలి దశలో ప్రభుత్వం ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం కడితే ఆ కంపెనీ ఆసుపత్రులకు చెల్లించేది. తర్వాతి దశల్లో కంపెనీని పక్కనపెట్టి, ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆసుపత్రుల బిల్లులు కట్టడం మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. అర్హతను ఆసుపత్రిలో కంప్యూటర్‌లో ఉన్న కుటుంబ వివరాలతో సరిచూస్తారు. కార్డు మీద పాత పేరు ఉన్నంత మాత్రాన అర్హత పోదు.

2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. చికిత్సల జాబితా 3,257కు చేరింది. ఈ 25 లక్షల అంకె దగ్గర ఒక అపోహ ఉంది. అది కుటుంబం మొత్తానికి ఏడాది గరిష్ఠ పరిమితి. ప్రతి చికిత్సకూ ముందే ఖరారు చేసిన ప్యాకేజీ ధర ఉంటుంది, ఆసుపత్రికి వచ్చేది ఆ ధరే. ప్యాకేజీలో ఆపరేషన్, మందులు, పరీక్షలు, భోజనం కలిసే ఉంటాయి. అందుకే “స్టెంటుకు కార్డు చెల్లుతుంది గానీ పైన ఇంత కట్టాలి” అని ఎవరైనా అంటే ఆ పైడబ్బు దేనికో అక్కడికక్కడే అడగాలి. అడగాల్సిన చోటు బిల్లింగ్ కౌంటర్ కాదు. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలోనూ, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో, రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర కూర్చునే టేబుల్ ఉంటుంది, ముందు అక్కడికే వెళ్లాలి.

ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతిలో ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. మధ్యలో లాభం చూసుకునే కంపెనీ లేదు కాబట్టి కొర్రీలు తక్కువ. కానీ చెల్లింపులన్నీ ఖజానా మీదే ఆధారపడతాయి. అక్కడ ఆలస్యమైతే ఆసుపత్రులకు బకాయిలు పేరుకుపోతాయి. 2024, 2025 సంవత్సరాల్లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కారణంగా పలుమార్లు సేవలు ఆపేశాయి. చేతిలో కార్డున్నా మంచం దొరకని రోజులవి. పెద్ద ఆపరేషన్ల కోసం విశాఖ దాకా వెళ్లే సిక్కోలు రోగికి ఆ రోజుల్లో అప్పు చేయడమో, అక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో వరుసలో నిలబడటమో తప్ప దారి ఉండదు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. దాని ప్రకారం 2.5 లక్షల రూపాయల వరకు క్లెయిములను బీమా కంపెనీ చెల్లిస్తుంది. పేద కుటుంబాలకు అంతకు మించిన ఖర్చును 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తుంది. పేదరికంతో సంబంధం లేకుండా మిగిలిన కుటుంబాలకూ 2.5 లక్షల రక్షణ దక్కుతుంది. అంటే 2007లో మొదలైన బీమా పద్ధతి కొంత మార్పుతో తిరిగి వస్తోందన్నమాట. దీనివల్ల ఆసుపత్రులకు చెల్లింపులు ఒక గడువులో జరిగే అవకాశం పెరుగుతుంది. మరోవైపు ముందస్తు అనుమతి ఇచ్చే చోట కంపెనీ పరిశీలన కూడా పెరుగుతుంది. క్లెయిమ్ ఎంత తక్కువగా ఇస్తే కంపెనీకి అంత మిగులు. కాబట్టి తిరస్కరణలను ఎవరు సమీక్షిస్తారు, ఎన్ని గంటల్లో సమీక్షిస్తారు అన్నదానిపైనే ఈ విధానం ఫలితం ఆధారపడి ఉంటుంది.

రేషన్ కార్డు పోతే ఇదీ పోయినట్టేనా?

గ్రామాల్లో చాలామంది అడిగే ప్రశ్న ఇది. కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటిందనో, కారు కొన్నారనో బియ్యం కార్డు రద్దయిన కుటుంబాలు ఆరోగ్య కార్డు కూడా పోయిందనే అనుకుంటాయి. రెండింటి కొలమానాలూ వేరు. 2019లో ఆరోగ్యశ్రీ అర్హతను బియ్యం కార్డు కంటే బాగా విస్తరించారు. కుటుంబ వార్షికాదాయం 5 లక్షల రూపాయల లోపు ఉన్నవారిని, 12 ఎకరాల లోపు మాగాణి లేదా 35 ఎకరాల లోపు మెట్ట ఉన్నవారిని అందులో చేర్చారు. సొంత కారు ఒకటి ఉన్నా అడ్డంకి లేదు. పలాసలో చిన్న జీడిపప్పు బట్టీ నడుపుకునేవారు, బొబ్బిలిలో కిరాణా కొట్టున్నవారు బియ్యం కార్డుకు అనర్హులైనా ఆరోగ్య కార్డుకు అర్హులయ్యే అవకాశం ఉంది. ఆధార్‌తో గ్రామ, వార్డు సచివాలయంలో చూపించుకుంటే తేలిపోయే విషయం ఇది. జబ్బు వచ్చాక ఆసుపత్రి మంచం మీద నుంచి ఈ పని చేయించుకోవడం మాత్రం నరకం. పెళ్లయి వచ్చిన కోడలి పేరు, కొత్తగా పుట్టిన బిడ్డ పేరు కార్డులో చేరాయో లేదో కూడా తీరిక ఉన్న రోజునే చూసుకోవాలి.

కేంద్రం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల రక్షణ ఉంది. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన జాబితా దీనికి పునాది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా వయ వందన కార్డు ఇస్తున్నారు. రిటైరైన టీచరైనా, రైసు మిల్లు యజమానైనా వయసు చూపిస్తే చాలు. ప్రైవేటు పాలసీ ఉన్నవారూ, ఈఎస్ఐ ఉన్నవారూ ఇది తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ లాంటి వైద్య పథకాలు ఉన్నవారు మాత్రం రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈ రెండు జిల్లాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవారు లేని ఊరు అరుదు కాబట్టి ఈ షరతు చాలా ఇళ్లకు తగులుతుంది. వారికి ఈసీహెచ్ఎస్ వదులుకోవడం సాధారణంగా లాభం కాదు. అందులో 5 లక్షల పరిమితి లేదు, ఓపీ వైద్యం, మందులు కూడా వస్తాయి.

ఇచ్ఛాపురం అవతల

జబ్బు చేస్తే ఇచ్ఛాపురం మనిషికి విశాఖ రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఒడిశాలోని బరంపురం గంటలోపు ప్రయాణం. తరతరాలుగా అక్కడి వాళ్లు వైద్యానికి బరంపురం వెళ్తూనే ఉన్నారు. కానీ మన రాష్ట్ర కార్డు అక్కడ చెల్లేది కాదు. ఒడిశా అప్పట్లో ఆయుష్మాన్ భారత్‌లో లేకపోవడంతో కేంద్రం కార్డు కూడా చెల్లేది కాదు. 2025 జనవరిలో ఒడిశా ఒప్పందం కుదుర్చుకుని ఏప్రిల్ నుంచి అమలు మొదలుపెట్టింది. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న కుటుంబం కార్డు దేశంలో ఆ పథకం ఉన్న ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా చెల్లాలన్నది నిబంధన. కాబట్టి ఈ మార్పు మిగతా జిల్లాల కంటే ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి మండలాలకు ఎక్కువ విలువైనది.

అయితే రాష్ట్ర కార్డు ఉన్న ప్రతి కుటుంబం కేంద్రం జాబితాలో ఉండాలని లేదు. వేటకు గుజరాత్ తీరానికి వెళ్లే మత్స్యకారులు, హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి వెళ్లేవారు బయల్దేరే ముందే ఈ ఒక్క విషయం తెలుసుకోవాలి. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ నంబరు కొడితే కనిపిస్తుంది. 14555కు ఫోన్ చేసినా చెబుతారు.

ఈఎస్ఐ: జీతం స్లిప్పులో ఉన్న హక్కు

నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల దగ్గర్నుంచి పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాళ్ల దాకా, నెల జీతం 21,000 రూపాయలు మించని ఉద్యోగికి ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం ఉద్యోగి, 3.25 శాతం యజమాని కడతారు. భార్యాబిడ్డలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం దొరుకుతుంది. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు కూడా వస్తుంది. ప్రైవేటు ఆరోగ్య పాలసీలు సాధారణంగా ఆసుపత్రి ఖర్చు వరకే చూస్తాయి, పోయిన కూలి లెక్కలోకి రాదు. స్లిప్పులో కోత కనిపిస్తున్నా కాంట్రాక్టరు ఆ డబ్బు జమ చేశాడో లేదో ఈఎస్ఐ నంబరుతో చూసుకోవాలి.

ఉద్దానం, ప్రపోజల్ ఫారం

ప్రైవేటు పాలసీ విషయంలో వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఒకే కాగితం. అది ప్రపోజల్ ఫారం. గత కొన్నేళ్లలో ఏ జబ్బుకైనా పరీక్ష, వైద్య సలహా, చికిత్స తీసుకున్నారా అని అందులో అడుగుతారు. పక్కన ‘అవును’, ‘కాదు’ అని రెండు గళ్లు. ఈ రోజుల్లో ఆ ఫారం కాగితం మీద కూడా ఉండదు. ఏజెంటు తన ఫోన్‌లో నింపుతాడు. “షుగరుందని రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్, వదిలేద్దాం” అంటాడు. అన్ని ప్రశ్నలకూ ‘కాదు’ మీద టిక్కు పడుతుంది. చివర్లో ఓటీపీ వస్తుంది. మనం ఓటీపీ చెప్పడమే సంతకం. నాలుగేళ్ల తర్వాత క్లెయిమ్ పెట్టినప్పుడు అదే గడిని మన ముందు పెడతారు. ఏజెంటు అప్పటికి ఇంకో కంపెనీలో ఉంటాడు.

ఉద్దానంలో ఈ గడి బరువు ఇంకా ఎక్కువ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చేస్తోంది. అసలు కారణమేమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టి, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షలు చేస్తారు, స్లిప్పు చేతికిస్తారు. ముందునుంచే ఉన్న జబ్బు అంటే ఏమిటో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచించింది. పాలసీ తీసుకోవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినది, లేదా దానికి సలహా, చికిత్స సూచించినది. శిబిరంలో డాక్టరు చూసి “కిడ్నీ తేడాగా ఉంది, మందులు వాడాలి” అని రాసిచ్చిన స్లిప్పు కూడా ఈ నిర్వచనం కిందికే వస్తుంది. ‘చికిత్స మొదలుపెట్టలేదు కాబట్టి జబ్బు లేనట్టే’ అనుకుంటే తర్వాత క్లెయిమ్ పోతుంది.

డయాలసిస్ దాకా వచ్చినవారికి ప్రైవేటు పాలసీ దొరకడం దాదాపు అసాధ్యం. వారికి ప్రభుత్వ పథకమే ఆధారం. డయాలసిస్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వేరుగా ఉంది. అలాంటి ఇంట్లో మిగతావారికి ప్రైవేటు పాలసీ తీసుకునేటప్పుడు రోగిని కూడా అదే ఫ్యామిలీ ఫ్లోటర్‌లో (కుటుంబమంతటికీ కలిపి ఇచ్చే పాలసీలో) కలపాలని పట్టుబడితే మొత్తం దరఖాస్తే వెనక్కి రావచ్చు. రోగికి ప్రభుత్వ కార్డు, మిగతావారికి విడిగా పాలసీ తీసుకోవడమే ఆచరణలో నిలబడే దారి.

జబ్బు చెప్పినంత మాత్రాన తలుపులు మూసుకుపోవు. 2024 నిబంధనల ప్రకారం ముందునుంచే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన కాలం, 36 నెలలు మించకూడదు. అంతకుముందు 48 నెలల దాకా ఉండేది. హెర్నియా, కంటి శుక్లాలు, మోకాలి మార్పిడి లాంటి కొన్నిటికి జబ్బు ముందు లేకపోయినా వేరే వెయిటింగ్ ఉంటుంది, అదీ 36 నెలల లోపే. ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు పాలసీ వర్తించదు. ఏ అంతరాయం లేకుండా 60 నెలలు ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, ‘జబ్బు దాచారు’ అనే కారణంతో కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చలేదు. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లు. జబ్బు చెప్పి పాలసీ తీసుకున్నవారికి సుప్రీంకోర్టు అండ కూడా ఉంది. షుగరున్నట్టు ముందే చెప్పిన ఒక పాలసీదారుకు గుండెపోటు వస్తే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆరోగ్య పరిస్థితిని అంచనా వేసుకుని పాలసీ ఇచ్చాక, తమకు చెప్పిన జబ్బునే సాకుగా చూపి తప్పించుకోవడం కుదరదని 2021 డిసెంబరులో కోర్టు తీర్పునిచ్చింది.

పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. ఆ లోపు ప్రపోజల్ ఫారం ప్రతి తెప్పించుకుని ఏ గడిలో ఏముందో చదవాలి. తప్పుంటే సరిచేయించుకోవచ్చు, వద్దనుకుంటే స్వల్ప కోతలతో డబ్బు వెనక్కి వస్తుంది. ఈ నెల రోజుల్లో పది నిమిషాలు వెచ్చించకపోవడం వల్లే ఎన్నో ఇళ్లలో లక్షలు పోతున్నాయి.

గది అద్దె చేసే నష్టం

క్లెయిమ్ మంజూరైనా జేబులోంచి పెద్ద మొత్తం కట్టాల్సి రావడానికి ముఖ్య కారణం గది అద్దె పరిమితి. చాలా చవక పాలసీల్లో రోజు అద్దె బీమా మొత్తంలో 1 శాతమనో, 2 శాతమనో ఉంటుంది. లెక్క ఇలా నడుస్తుంది. పాలసీ 3 లక్షలు, అద్దె పరిమితి 1 శాతం, అంటే రోజుకు 3,000 రూపాయలు. రోగి బంధువులు చూడటానికి వస్తారని 5,000 రూపాయల గది తీసుకున్నారు. నాలుగు రోజులకు అద్దె 20,000. ఆపరేషన్, డాక్టర్ల ఫీజులు, నర్సింగ్ కలిపి 80,000. మందులు, పరీక్షలు 40,000. మొత్తం బిల్లు 1,40,000.

తేడా రోజుకు 2,000 కదా, నాలుగు రోజులకు 8,000 కట్టుకుంటే సరిపోతుందని అనుకుంటారు. కానీ ఖరీదైన గది తీసుకుంటే డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఛార్జీ కూడా ఆ గది స్థాయికి పెరుగుతాయన్నది కంపెనీ వాదన. అందుకే ఆ 80,000ను కూడా అయిదింట మూడు వంతుల చొప్పున, 48,000కు కుదిస్తుంది. అద్దె కింద 12,000 ఇస్తుంది. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాల మీద, ఐసీయూ ఛార్జీల మీద ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కాబట్టి 40,000 పూర్తిగా వస్తుంది. మొత్తం లక్ష. మిగతా 40,000 రోగిదే. అంటే 8,000 తేడా ఉన్న గది కోసం అయిదు రెట్లు కట్టాల్సి వచ్చింది. ఆసుపత్రిలో చేరేటప్పుడు “మా పాలసీకి ఏ గది వరకు వస్తుంది?” అని ఇన్సూరెన్స్ డెస్కులో ముందే అడిగితే ఈ నష్టం మొత్తం తప్పుతుంది.

2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్మాల్సిన ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీలోనూ ఇలాంటి పరిమితులున్నాయి. గదికి బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000 రూపాయలు. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం పాలసీదారే భరించాలి. షరతులు ఏ కంపెనీలోనైనా ఒకటే కాబట్టి పోల్చుకోవడం తేలిక. మొదటిసారి పాలసీ కొనేవారికి ఇది చెడ్డ ఎంపిక కాదు.

ధర, వయసు, కంపెనీ కార్డు

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. 20,000 రూపాయల ప్రీమియానికి మునుపు 23,600 కట్టాల్సి వచ్చేది. కంపెనీలు ఉద్యోగుల కోసం తీసుకునే గ్రూప్ పాలసీలకు ఈ మినహాయింపు లేదు. 65 ఏళ్లు దాటితే కొత్త పాలసీ ఇవ్వరనే పాత పరిమితి 2024 ఏప్రిల్‌తో పోయింది. 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐతో మాట్లాడాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. గత ఏడాది క్లెయిమ్ తీసుకున్నారనే కారణంతో రెన్యువల్ నిరాకరించడం కుదరదు. కంపెనీ నచ్చకపోతే పోర్టింగ్ చేసుకోవచ్చు, అంటే పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు, పూర్తిచేసిన వెయిటింగ్ కాలం కొత్త కంపెనీలోనూ లెక్కలోకి వస్తుంది. ఈ పని రెన్యువల్ తేదీకి నెలన్నర ముందే మొదలుపెట్టాలి.

కొడుకు కంపెనీ కార్డు మీద భరోసా పెట్టుకున్న తల్లిదండ్రులు ఈ జిల్లాల్లో చాలామంది. గ్రూప్ పాలసీలో ముందునుంచే ఉన్న జబ్బులకు కూడా తరచుగా మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. కానీ అది ఉద్యోగంతో పాటే పోతుంది. ఉద్యోగం మారే లోపే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు చేస్తే అప్పటిదాకా గడిచిన కాలం వృథా కాదు. ఈ అవకాశం గురించి హెచ్ఆర్ వాళ్లు తమంతట తాము చెప్పడం తక్కువ.

హైవే మీద ప్రమాదం జరిగితే

16వ నంబరు జాతీయ రహదారి రెండు జిల్లాల మీదుగా పోతుంది. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. కార్డు, పాలసీ, ఊరు, ఆదాయం దేనితోనూ పని లేదు. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదమైతే చాలు, బాధితుడు నడిచి వెళ్తున్న మనిషైనా సరే.

కాదన్నప్పుడు ఎవరిని అడగాలి

ప్రైవేటు పాలసీలో క్యాష్‌లెస్ (మనం డబ్బు కట్టకుండా కంపెనీయే ఆసుపత్రికి చెల్లించే) అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి రోజున తుది బిల్లుకు మూడు గంటల్లో ఆమోదం ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఛార్జీ వేస్తే అది కంపెనీయే భరించాలి. పొద్దున డాక్టరు డిశ్చార్జి రాస్తే రాత్రి దాకా మంచం మీదే టెన్షన్‌తో ఎదురుచూసే కుటుంబాలకు 2024 మే నుంచి ఉన్న ఈ నిబంధన తెలియాలి. ఆసుపత్రి బిల్లు పంపిన సమయం ఇన్సూరెన్స్ డెస్కులో రాయించుకుంటేనే మూడు గంటల లెక్క నిలుస్తుంది.

కంపెనీ క్లెయిమ్‌ల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నూ తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో స్పష్టంగా చెప్పాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయొచ్చు, 155255కు ఫోన్ చేయొచ్చు. కంపెనీ నెలలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా తర్వాతి మెట్టు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా తగాదాలు తీర్చే అధికారి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా ఇవ్వమని ఆదేశించే అధికారం ఉంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు, వీడియోలో విచారణకూ వీలుంది కాబట్టి టెక్కలి నుంచి హైదరాబాద్‌కు రైలెక్కాల్సిన పనిలేదు. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. ఫిర్యాదుదారుకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఒకసారి కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అదే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరికి రాలేరు. కాబట్టి ఏది ముందు అన్నది ఆలోచించాలి.

జిల్లా వినియోగదారుల కమిషన్లు శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా మన జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం, అంటే ఇక్కడ ప్రీమియం, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 1915 హెల్ప్‌లైన్‌లో ముందుగా సలహా తీసుకోవచ్చు.

ప్రభుత్వ పథకానికి దారి వేరు, అంబుడ్స్‌మన్ అందులోకి రారు. ఆరోగ్యమిత్ర దగ్గర తేలకపోతే 104కు ఫోన్ చేయాలి, ఆపైన జిల్లా కోఆర్డినేటర్. అక్కడా ఆగిపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే రసీదుతో నమోదవుతుంది. డబ్బు కట్టలేదు కాబట్టి వైద్యంలో నిర్లక్ష్యం జరిగినా నోరు మూసుకోవాలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం పొందినవారు కూడా వినియోగదారులేనని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రిలో కార్డు మీద చేరిన రోగి కూడా నిర్లక్ష్యం మీద కమిషన్‌కు వెళ్లొచ్చు.

అన్నిటికీ గడువులున్నాయి. అంబుడ్స్‌మన్‌కు కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. ఆ రోజులు లెక్కపెట్టడానికి తేదీ ఉన్న కాగితం కావాలి. ఫోన్‌లో “మీది రాదండీ” అని చెప్పేస్తే ఆ తేదీ ఎక్కడా ఉండదు. ఆసుపత్రి డెస్కులోనైనా, కంపెనీ కాల్ సెంటర్లోనైనా అడగాల్సింది ఒకటే: “రాదన్న మాట, ఏ నిబంధన ప్రకారం రాదో, రాసి ఇవ్వండి.” బీరువా పైఅరలోని ఆ కవరులో ఇప్పటిదాకా లేని ఆరో కాగితం అదే.